బండారి పడని డోలు

దాన్ని జర అటు జరుపుండ్రి సాబ్. గోడ దిక్కు మల్పుండ్రి. పొద్దుగాలసంది నన్ను దాని ముంగటనే కూసోబెట్టిండ్రు. అది నన్నే జూస్తున్నట్టున్నది.

ఆఁ, ఎరుకే, డోలుకు కండ్లుండయి. నాకెరుక లేదా? కురుమోళ్ల ఇంట్ల పుట్టిన, కురుమోళ్ల ఇంటికే వచ్చిన. అయినా జరుపుండ్రి. మీకు పున్నెముంటది.

మా ఇంటాయన పేరా? నా నోటితోటి ఎట్ల చెప్త సాబ్? మీ కాయితంల ఉంటది గదా. ఈరయ్యని రాసున్నదా? ఆఁ, గదే. నా పేరు బీరమ్మ. ఆయన బయట గోడ కాడ బండ మీద కూసున్నడు. మీ జవాను లోపలికి రానియ్యలే. మంచిగైంది. ఇది ఆయన కండ్ల పడొద్దు.

ఏందీ? కొట్టుకోండ్రని డోలుతోటి ఉసిగొల్పింది నా మొగడా? ఎవలు జెప్పిండ్రు సాబ్ గా మాట? పటేలా? పటేలు గా దినం మా బీరప్ప దేవుని జాతర మొఖమే జూడలే! ఇంట్ల పండుకున్నోనికి డోలు ఏమన్నదో ఎట్ల ఎరుకైంది?

కోపం గాదు సాబ్. భయం. భయమైతే నాకు గొంతు పెద్దగైతది. తాండూరు ఠాణా మెట్లు ఎక్కుతనని ఎన్నడన్న అనుకున్ననా? నా మొగన్ని లోపలేస్తరని రైలుకట్ట దాటినకాన్నుంచి కాళ్లు వణుకుతనే ఉన్నయి. గొర్లు కాసుకునేటోళ్లం. పంటలు కోసినంక కొడంగల్ దిక్కు, గా కన్నడపోళ్ల ఊర్ల దిక్కు పోయి బీరప్ప కత చెప్పుకుంటం. మాకు కొట్లాటలు ఎందుకు?

గా దండు దెబ్బ సంగతే గదా మీరు అడిగేది? చెప్త, ఇనుండ్రి.

బీరప్ప కతల యుద్ధమొచ్చే జాగ ఒకటుంటది. కత చెప్పేటాయన ఆడ నోరు ఆపుతడు. ఇగ మా ఆయన డోలు మీద దండు దెబ్బ ఎత్తుకుంటడు. మా ఊరి పోరలు ఈ దిక్కు, వాగవతలి ఊరి పోరలు ఆ దిక్కు నిలబడుతరు. చేతుల కట్టెలు. దెబ్బకొక అడుగు ముంగటికి వెయ్యాలె, కట్టెకు కట్టె తాకియ్యాలె, ఎన్కకు రావాలె. గంతే సాబ్. దేవుని ముంగట ఆట. రజాకార్ల దినాలల్ల గూడ గా ఆట ఆగలేదని మా అత్త చెప్పేది.

మరి ఎందుకు ఆపలేదంటరా? గదే చెప్తున్న. దండు దెబ్బ ఎత్తుకున్నోడు తనంతల తాను ఆపొద్దు. చెయ్యి పడిపోయినా ఆపొద్దు. గుడి పెద్ద పిడికెట్ల బండారి పట్టుకొని వస్తడు. బండారంటే పసుపు సాబ్, దేవుని పసుపు. తెచ్చి డోలు మీద చల్లుతడు. అప్పుడు దేవుడు శాంతమైనట్టు. డోలు ఆగుతది, కట్టెలు కింద పడుతయి, అందరు అలాయ్ బలాయ్ తీసుకుంటరు. బండారి పడకముందే డోలు ఆగిందనుకో, దేవుడు యుద్ధంలనే ఉండిపోతడు. మా నమ్మకం గట్ల. నవ్వితే నవ్వుండ్రి.

గా గుడి పెద్దనే చెన్నయ్య మామ. మీరు వికారాబాద్ దవాఖానల జూసొచ్చిన ముసలాయన.

గా దినం మస్తు ఎండ. పోరలు కల్లు ఎక్కువ తాగొచ్చిండ్రు. ఎలక్షన్ల పగ ఇంక కడుపులనే ఉండె. కట్టెకు తాకాల్సిన కట్టె ఒకని నెత్తికి తాకింది. రుమాలు ఊడి పడ్డది, నెత్తురు కారింది. ఇగ ఆట యాడిది సాబ్? రాళ్లు లేసినయి. ఆడోళ్లు పిల్లలను సంకనేసుకొని ఉరికిండ్రు.

మామ జూసిండు. బండారి బుట్టల చెయ్యి పెట్టి పిడికెడు తీసుకొని నడిమిట్లకెల్లి ఉరికొచ్చిండు. ఆపుదామనే సాబ్! ఏ దిక్కుకెల్లి వచ్చిందో రాయి, చెవు మీద తాకింది. బోర్ల పడ్డడు. పడ్డా పిడికిలి ఇడువలే. పిడికెట్ల పసుపు నెత్తురుతోటి తడిసి ఎర్రగైంది.

మా ఆయన జూడలే. డోలు కొట్టేటప్పుడు కండ్లు మూసుకుంటడు, మొదటిసంది గంతే. లొల్లి ఇనబడ్డది. మామ ఇంక రాలేదేందని పరేషాన్ అయిండు. దెబ్బ పెంచిండు. జల్ది రా మామా, బండారి తే మామా అని పిలుస్తున్నడు సాబ్! పోరలకేమో కొట్టుండ్రి, ఇంక కొట్టుండ్రి అన్నట్టైంది. ఆయన ఎంత గట్టిగ పిలిస్తే వాళ్లు అంత గట్టిగ కొట్టుకున్నరు. కిందపడ్డోడు ఎట్ల వస్తడు చెప్పుండ్రి?

ఆఖరికి మీ జవాను వచ్చి మెడలకెల్లి డోలు గుంజుకున్నడు. గట్ల ఆగింది. బండారి పడి ఆగలే, గుంజుకుంటే ఆగింది.

గా దినంసంది మాకు ఊర్ల మొఖం లేదు. డోలు కొట్టొద్దని డప్పు కొట్టి చాటిచ్చిండ్రు! చాటింపేసే యోబు మా వాకిట్లకు వచ్చేసరికి తల కిందికేసుకున్నడు, పాపం. పూడూరు దిక్కు పెండ్లికి మమ్ములను మాట్లాడుకున్నోళ్లు మైకు పెట్టుకుంటమని కబురంపిండ్రు. గా డోలు మోగితే నెత్తురు పారుతదంట. బడిపంతులు గూడ మొరటోళ్ల పాట మొరటుగనే ఉంటదన్నడంట. నిన్న మొన్నటిదాంక మా ఆయన చెయ్యి తాకితే పిల్లలకు దిష్టి పోతదని ఎత్తుకొచ్చిన తల్లులే, ఇయ్యాల ఆయన బజార్ల నడుస్తుంటే తలుపులేసుకుంటున్నరు. కత పాడైందా సాబ్? దేవుడు పాడైండా? తాగినోన్ని ఒక్క మాట అనరు, తోలును కట్టెను అంటరు!

ఏందీ?... చెన్నయ్య మామ గూడ గదే చెప్పిండా? ఈరయ్యది తప్పు లేదన్నడా?

నీ కడుపు సల్లగుండ మామా. నీ కడుపు సల్లగుండ.

అయితే మా ఆయన్ని లోపలెయ్యరు గదా సాబ్? నిజంగ? ఇంటికి తోలుకపోవచ్చా? జర మీ నోటితోటి మల్ల ఒక్కపారి చెప్పుండ్రి.

ఏడుస్తలేను. కొంగు అడ్డమొచ్చింది, గంతే.

ఏంది సాబ్, ఎందుకు లేపుతున్నరు దాన్ని? ఆడనే ఉండనియ్యిండ్రి. తీస్కపొమ్మంటరా?

వద్దు.

వద్దు సాబ్. దాన్ని నాకియ్యొద్దు. బరువని గాదు. జర దూరం పెట్టుండ్రి, మీ కాళ్లు మొక్కుత!

నేను గూడ పోయిన సాబ్ వికారాబాద్‌కు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కట్టుకొని రైలెక్కి పోయిన. మామ నన్ను ఆనవాలు పట్టిండు. పక్కన ఎవలో గిలాస కింద పెడితే ఉలిక్కిపడ్డడు. నా చెయ్యి పట్టుకొని ఏమన్నడో ఎరుకనా? "బిడ్డా, ఇగ ఆపుమని చెప్పు ఈరయ్యకు. చెవులల్లకెల్లి పోతలేదు" అన్నడు. డోలు మీ ఠాణల ఉన్నది. మా ఆయన అప్పుడు ఇంటికాడ ఉండె. మామకు ఇంక ఇనబడుతనే ఉన్నది!

మీరు బండారి చల్లుకొమ్మంటరు. ఎవలు చల్లాలె? చల్లేటాయన దవాఖానల ఉన్నడు. ఆయన లేస్తడో లేవడో ఎవలకెరుక?

ఉండుండ్రి. ఇనబడుతుందా సాబ్?

బయట. గోడ కాడ. టక్... టక టక్... అది వాన గాదు, మీ ఠాణ గుర్రం అడుగు గాదు. మా ఆయన చెయ్యి. బండ మీద కొడుతున్నడు. కొడుతున్నట్టు ఆయనకే ఎరుక లేదు. ఇంటికాడ గూడ గిట్లనే. గొంగడి మీద, అన్నం తినే తలె మీద, తొడ మీద. పట్టుకుంటే ఆపుతడు. ఇడిస్తే మల్ల ఎత్తుకుంటడు. గదే దెబ్బ. డోలు లేకుంటనే గిట్లున్నడు. ఇగ డోలు ఇంట్లకొస్తే?

మీరు నా కాళ్లు జూడుండ్రి. సిగ్గిడిచి చీర జర ఎత్తి జూపిస్తున్న. జూడుండ్రి, గా దెబ్బకే వేళ్లు ఆడుతున్నయి, ఆగుతున్నయా?

గా దినం గూడ గిట్లనే సాబ్. మామ పడ్డది నా ముంగటనే. ఉరికిపోయి పట్టుకోవాలె గదా? అనుకున్న. కాళ్లు ఉరుకలే. దెబ్బకు అడుగేసినయి. నెత్తురు జూసుకుంటనే అడుగేసినయి. నేను ఆపలే. భయమైతే కాలేదు సాబ్ అప్పుడు. సంబురమైంది. నా జన్మల గంత సంబురం ఎన్నడు కాలే. భయమంత తర్వాత, ఇంటికి పోయి కాళ్లు కడుక్కునేటప్పుడు వచ్చింది. గా భయం ఇంక పోలే.

డోలుది తప్పు లేదని రాసుకోండ్రి సాబ్. లోకమంత గదే అనాలె. నేను గూడ ఊర్ల కొట్లాడి గదే చెప్త.

దాన్ని మాత్రం ఈడనే ఉంచుకోండ్రి. తాళమేసి ఉంచుకోండ్రి.