ఫహద్ పేరు, నర్సింలు కాళ్లు

హలో… ఆఁ, నేనే సార్… నర్సింలును… ఉరుకుతున్న సార్, అందుకే ఎత్తెటందుకు ఆలస్యమయింది…

ఆగుమంటరా?… ఎందుకు?… జర నిమ్మళంగ చెప్పుండ్రి హరనాథ్ సార్, గాలికి సగమే ఇనవడ్తుంది.

—

ఏడున్ననా? మసీదు మలుపు దాటిన… కిలోమీటర్లు నాకెర్క లేదు సార్. నేను స్తంభాలు లెక్కవెడ్త. ఆరేండ్ల సంది ఈ గుట్ట రోడ్డు మీద దీపాలు మార్చేటోణ్ణి గదా… ఇంక నలభై ఎనిమిది స్తంభాలున్నయి, బలదియా ఆఫీసు, గదే మునిసిపాలిటి, దాని ముంగటి పందెం గీత దాక.

—

అవ్ సార్. అయిదు కిలోమీటర్లు ఉరికి వ్యాన్ల కూసొమ్మన్నరు. మర్సిపోలే… కూసోలే, గంతే.

—

నవ్వుతలేను సార్, రొప్పుతున్న… ఏడు వేల అడుగుల ఎత్తు మీద నవ్వుకుంట ఉరుకుడు ఎవలతోనయితది? ఖోబర్ నుంచి వచ్చిన ఇంజనీర్ సార్లు పన్నెండో కిలోమీటరు కాడనే నడుం పట్టుకొని కూసున్నరు. సముద్రం ఒడ్డున ఉరికినట్టు ఈడ ఉరుకుతే ఊపిరి చాలదు. నాకేమో నిచ్చెన మోసుకుంట ఎక్కీ దిగీ అలవాటయింది.

—

ఏమన్నరు?… మల్ల చెప్పుండ్రి…

సౌదీ వాళ్లల్ల మొదటోడా? ఎవలు, నేనా?

—

మైకుల చెప్తున్నరా, ఫహద్ వస్తున్నడని?… అయ్యో సార్… ఇప్పుడు నిజంగనే నవ్వుతున్న, ఏమనుకోకుండ్రి… తోవ పొడుగుత జనం నా ఛాతి మీద పేరు చదివి 'యల్లా ఫహద్, యల్లా ఫహద్' అని చప్పట్లే చప్పట్లు. ఒక ముసలవ్వయితే కుర్చీల నుంచి లేచి వచ్చి చేతుల ఖర్జూరపండ్లు పెట్టింది, ఏదో దీవెన వెట్టింది. ఆ దీవెన నాకు తాకిందో, జిద్దాల పండుకున్న ఫహద్‌కు పోయిందో…

—

నా మీద అరుస్తరేంది సార్? పొద్దుగాల ఈ నంబరు నా అంగికి పిన్నీసులు వెట్టి కుచ్చింది ఎవలు? మీరు గాదా? 'ఫహద్ రాలే నర్సింలు, మన కంపెనీ సౌదీ గూడ ఉరికిండని బలదియాకు ఫోటో చూపాలె, టోపీ కండ్ల మీదికి గుంజుకొని కొంచెం దూరం ఉరుకు' అన్నది ఎవలు?… ఫహద్ ఎన్నడన్న వస్తే గదా ఇయ్యాల వచ్చెటందుకు. మన కంపెనీ యజమాని కఫీల్ మేనల్లుడాయె. జిద్దాల చదువుకుంటడు, ఈడ మన కాగితాల మీద నౌకరి చేస్తడు. మన కంపెనీల సౌదీల లెక్క తక్కువ గావద్దు, సర్కారు పట్టీల ఎర్ర రంగుకు దిగద్దు, గందుకు…

—

సరే సార్. సరే. ఫోన్ల అనను.

—

ఓ… ఇనాం ఇచ్చేముందు కార్డు చూస్తరా… లేబర్ ఆఫీసోళ్లు స్టేజీ మీదనే కూసున్నరా… గదా మీ బుగులు.

—

తెలుసు సార్. ఫహద్ సంగతి బయటవడితే కంపెనీ మునుగుతది. నూట పది మంది ఇకామాలు, ఈడ ఉండెటందుకు ఇచ్చే కార్డులు, ఆగిపోతయి. ఆ నూట పది మందిల నేనున్న గదా, నాకు తెల్వదా?… అందుకే చెప్తున్న, ముందుగాల ఇనుండ్రి. ఈ నంబరు గీత దాటది. మాటిస్తున్న… ఆగుండ్రి, ఫోన్ పండ్లతోని పట్టుకుంట…

…

…అబ్బ, ఒక పిన్నీసు వేలుకు గుచ్చింది… ఆఁ. పీకేసిన. టైము చూసే చిప్పు గూడ దానికే ఉన్నది. మడిచి జేబుల పెట్టిన. టోపీ గూడ తీసేసిన. ఫహద్ ఈడ దిగిపోయిండు సార్.

—

అడిగితే కాలు పట్టేసింది, వ్యాన్ల పోయిండని చెప్పుండ్రి. ఇన్నేండ్లు కాగితం మీద నౌకరి చేసినోనికి కాగితం మీద కాలు పట్టేస్తే ఏమాయె.

—

లే సార్, వ్యాను పంపకుండ్రి… ఎందుకంటే నేను ఎక్కను… ఫహద్ దిగిండన్న. నేను దిగిన అన్ననా?

—

ఏమొస్తదంటరా? ఏం రాదు. నంబరు లేనోనికి టైము రాయరు, బిళ్ల ఇయ్యరు. తెలుసు. నలభై రెండు కిలోమీటర్లల్ల నలభై ఉరికిన సార్, మిగిలింది గూడ ఉరుకుత. ఇంక ముప్పై ఒకటి స్తంభాలు.

—

లక్ష్మణ్ యాదికున్నడా మీకు?

—

ఏ లక్ష్మణ్ అంటరేంది సార్… ఈ గుట్ట మీదికి రాకముందు సంది నాతోని పదేండ్లు చేసిండు. నేను స్తంభమెక్కితే కింద నిచ్చెన పట్టుకునేటోడు. నిరుడు పరదేశోళ్ల తల మీద సర్కారు వేసే లెవీ పెరిగింది, మందిని తగ్గియ్యాలె అని లిస్టు అతికిచ్చిండ్రు గదా, అండ్ల పోయిండు. ఆ లిస్టుల వాని పేరు గూడ లేకుండె. 'ఆమిల్, డెబ్బయి మూడు' అని ఉండె, కూలోడు డెబ్బయి మూడు అన్నట్టు. వాడు నన్నే అడిగిండు, 'అరే, గిది నేనేనా?' అని. నేనే సదివి చెప్పిన, అవ్ రా నువ్వే అని… కనవడని ఫహద్ జీతాల లిస్టుల ఉన్నడు, నిచ్చెన పట్టుకున్నోడు పోయిండు.

—

నాకు కోపమున్నది సార్. అప్పటి సంది ఉన్నది. ఏడ పెట్టాల్నో తెల్వలే. కఫీల్ మీద పెట్టలేను, మీ మీద పెట్టలేను. పొద్దుగాల ఫహద్ పేరు ఛాతి మీద పడంగనే కాళ్లల్లకు దిగింది. అయిదో కిలోమీటరు కాడ మీ వ్యాను చూసిన, డ్రైవర్ చెయ్యూపిండు. ఆగుదామనే అనుకున్న. కాళ్లు ఆగలే.

—

ఇంకోటి చెప్పాల్నా? నా ఎనుక ఒక పెద్దాయన వస్తున్నడు. ఈ ఊరి బడిల సారు, రిటైరయిండు. వాళ్ల గల్లీల దీపం పోతే నాకే ఫోన్ చేస్తడు. సగం తోవ సంది జోడుగ ఉరుకుతున్నం. అసలు మొదటి సౌదీ ఆయిననే సార్! నేను ఆ నంబరుతోని దాటితే ఆయిన ఇనాం గూడ ఫహదే మింగుతుండె. మా లక్ష్మణ్ నౌకరి మింగిండు, సాలదా?

—

…సార్?… హరనాథ్ సార్, ఏమాయె? మీ ఇంటోళ్ల సంగతి ఎత్తుతున్నరేంది?

—

తెలుసు సార్. ఆడోళ్ల మీద, పిల్లల మీద గూడ లెవీ వడ్డదని, మీ ఇంటామె అలివేలుమంగమ్మను పిల్లలను బడి అయిపోంగనే ఇండియా పంపుతున్నరని మీ పక్కింటి మేరాజ్ బేగం ఇంట్ల అనుకుంటుంటే ఇన్న… మీరు ఫహద్‌ను పుట్టియ్యలే. కఫీల్ చెప్పిండు, మీరు రాసిండ్రు. మీ మీద నాకు కోపం లేదు…

…ఉన్నది. కొద్దిగున్నది. అబద్ధమెందుకు.

—

కఫీల్ మీ పక్కన్నే ఉన్నడా? ఏమంటున్నడు?

—

ఎగ్జిట్?… ఫైనలేనా, మల్ల రాకుంట ఇంటికేనా?… ఈ వారమే…

…

…ఉన్న సార్, లైన్ల ఉన్న. బుగులయితుంది. నా పెండ్లాం ఉమారాణికి ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. పొలం కౌలుకిచ్చి నన్ను పంపింది…

…

పద్నాలుగు స్తంభాలు.

—

లేదు సార్. ఇప్పుడు ఆగితే ఎగ్జిట్ కొట్టడని మీరు పూచీ ఉంటరా?… ఉండరు, నాకెర్కే.

—

జనం కనవడ్తున్నరు. ఇప్పుడు ఎవలు అరుస్తలేరు. ఛాతి మీద పేరు లేదాయె, ఏమని అరవాల్నో వాళ్లకు తెలుస్తలేదు. ఊకె చూస్తున్నరు… ఆ చూపు నాకు కొత్త గాదు సార్. దీపం మార్చేటప్పుడు స్తంభాన్ని చూస్తరు, దీపాన్ని చూస్తరు…

ఆగుండ్రి, ఎనుక మాష్టరు ఏందో అడుగుతున్నడు… ఇస్మీ? ఇస్మీ నర్సింలు… నర్… సిం… లు… ఐవా, హింద్, హింద్…

…పేరడిగిండు సార్. ఆరేండ్లు దీపాలు మార్పిచ్చుకున్నడు, ఇయ్యాల అడిగిండు.

—

ఆ లొల్లి ఏందంటరా? మీకు గూడ ఇనవడ్తుందా?… మాష్టరు సార్! ఊపిరి లేకున్నా చేతులు ఊపుకుంట జనానికి చెప్తున్నడు… 'యల్లా నర్సిం' అంటున్నడు… అగో, అందుకున్నరు… ఫోన్ పైకి లేపుత, ఇనుండ్రి…

…

ఇన్నరా? నర్సిం అంటున్నరు. 'లు' ఎగిరిపోయింది. పోనీ సార్, పాపం వాళ్లకు నోరు తిరగది.

—

కనవడ్డరు, కనవడ్డరు. నీలం అంగి. మీ పక్కన కఫీల్. గీత కాడికి రాకుండ్రి సార్, చెయ్యి అడ్డం పెట్టకుండ్రి. నేను ఆగను, మీరు పడ్తరు.

—

ఎగ్జిట్ కొట్టుమనుండ్రి. నేను వద్దంటలేను. ఒక్కటే మాట సార్, కాగితం రాసేది మీరే గదా… దాని మీద ఆమిల్ అని, నంబరని రాయకుండ్రి. నా పేరు రాయుండ్రి. నర్సింలు. 'లు' మర్సిపోకుండ్రి.

ఉంట.