పళ్లెం కింద ముద్ర

పాతబస్తీ జహనుమాల సోమయ్య చాయ్ హోటల్ కాడ బాలరాజ్ నోరు తెరిస్తే ఎదుటోళ్ల చాయ్ చల్లారాల్సిందే. పాత సామాన్ల దుకాణమాయనది. ఆ పొద్దు గొంతు ఇంకింత లేపిండు, ఎందుకంటే మూల బల్ల మీద అన్న బీరయ్య కూసున్నడు. నాలుగేండ్ల కింద అమ్మ పోయినంక ఇంట్ల సామాను పంచుకున్నప్పటి సంది అన్న మాట్లాడుతలేడు. ఒకప్పుడు తమ్ముడి కోతలకు అందరికంటే ముందు నవ్వేది ఆయనే. ఇయ్యాల ఒక్కసారి నవ్వితే చాలనుకున్నడు బాలరాజ్.

కార్వాన్ల ఒక సేట్ ఇంట్ల ఇంగ్లండ్ పింగాణి కప్పు బోర్లేసి చూసిన్నని మొదలువెట్టిండు. కింద డైమండ్ ఆకారంల ముద్ర, మూలలకు అక్షరాలు, అవి చూసి ఏ సంవత్సరందో చెప్పిండట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో కప్పుకు కండ్లకు గుడ్డ కట్టుకున్నడట, ముద్రను వేలుతోని తడిమి, చేసినోడు ఎడమచేతివాటమని పట్టేసిండట. ఆ పొద్దు వాడేం తిన్నడో చెప్పలేదా అని సోమయ్య అడిగిండు. ఎందుకు చెప్పలే, ఆలుగడ్డ కూర, ఉప్పు తక్కువైందన్నడు బాలరాజ్. ఇగ లండన్ మ్యూజియమోళ్లు విమానం నిండ పింగాణి ఏసుకొని దిగిన్రట, ఫలక్‌నుమా నుంచి చార్మినార్ దాకా తలా ఒక పళ్లెం పట్టుకొని నిలవడ్డరట, ఈయన ఆటోల పోతనే ఒక్కొక్కదాని పుట్టిన తేదీ చెప్పుకుంట పోయిండట, ఆటో యాడా ఆగలేదట.

అందరు నవ్విన్రు. బీరయ్య నవ్వలే.

"అమ్మ పళ్లెం ఏ ఏటిదిరా?" అని అడిగిండు.

అమ్మ పాలు పోసిన బంగళాల దొరసాని ఇచ్చిన ఇంగ్లండ్ పింగాణి పళ్లెమది. పండుగొస్తే అండ్లనే ఇద్దరికి భక్ష్యాలు పెట్టేది. పంపకాలప్పుడు ఇంటింట గిన్నెల మీద పేర్లు కొట్టిచ్చుకుంటరు గదా, అన్న తీస్కపోతడేమోనని బాలరాజ్ ముందుగాలనే పేర్లు కొట్టేటాయనను పిలిచి, పళ్లెం అడుగున తన పేరు చెక్కిచ్చుకున్నడు.

"తెల్వదన్నా," అన్నడు. "ముద్ర మీదనే నా పేరు కొట్టిచ్చిన. ఏం మిగల్లే. తప్పు చేసిన. ఇప్పుడే తెచ్చిస్త, నువ్వే ఉంచుకో."

బీరయ్య చాయ్ పైసలు బల్ల మీద పెట్టిండు.

"అది నీకే ఇద్దామని వచ్చినరా ఆ పొద్దు. చిన్నోడివి, అమ్మ నీ కాడనే ఉండె గదా అనుకున్న. నేను గడప దాటి లోపలికి వచ్చేసరికి నువ్వు పేరు కొట్టిస్తున్నవ్."

లేచి, చెప్పులేసుకొని పోయిండు. పిలుద్దామని బాలరాజ్ హోటల్ బయటిదాకా ఉరికిండు గని, నోరు రాలే.