దాలమ్మ జముకుకి వంత పాడిన పెట్టె

"పెద్ద గొప్పేటి కాదు గాని," అంటూ పోతురాజు టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. సాలూరు లారీల స్టాండులో వైరింగు పని చేసే పోతురాజు నోరు విప్పాడంటే లక్ష్మణమ్మ టీ కొట్టు దగ్గర మాలో ఎవరం కదలం. "దాలమ్మత్త జముకుకి సిన్న మైకొకటి అతికించి, దాని వైరు నా పెట్టెకి, అదే లాప్‌టాపుకి, ఇచ్చినాను. అంతే. ఆమె ఆ డోలుకున్న ఒంటితీగ మీటితే ఆ మోతని నా పెట్టె అప్పటికప్పుడే పట్టుకోని, సాగదీసి, మెలిపెట్టి, స్పీకర్లోంచి మళ్లీ వదుల్తాది. ఏ మోత ఎప్పుడు, ఎలాగొదలాలో అదంతా నా కంపోజింగే. ఆర్నెల్లు కూకోని కట్టినాను."

"ఎందుకూ?" అన్నాడు డ్రైవరు శివాజీ.

"ఎందుకేటి? జముకుల కథకి వంత గావాల కదా. ఆమె ఒక మాటంటే పక్కనోడు అందుకోని తిరిగి పాడాల. మావ పోయిన కాడ్నుంచి వంత లేక అత్త యేడాదిగా జముకు ముట్టలేదు. అందుకని మొన్నాదివారం మన స్టాండులోనే ఏసి సూసినాం. శనివారం విజయనగరంలో ప్రోగ్రాం ఉన్నాది. వస్తాదో రాదో అత్త ఇంకా సెప్పలేదు."

బెంచీ చివర దాలమ్మ టీ ఊదుకుంటోంది.

"అత్త తీగ మీటింది. ఒక జముకు నాలుగైనాది, నాలుగు నలభై అయినాయి. ఆ తర్వాత ఏటైందో తెలుసా? లారీల హారన్లన్నీ వాటంతటవే శ్రుతిలో కలిసినాయి. తాళాలు సూస్తే డ్రైవర్ల జేబుల్లోనే ఉన్నాయి."

"నా బండి ఆరోజు రాయగడలో ఉన్నాది కదా," అన్నాడు శివాజీ.

"అక్కడే మోగింది, అడిగి సూడు. ఇంకా ఇను. ఆ మోత ఘాటీ రోడ్డెక్కి, కొండలకి తగిలి, ఒడియాలో వంత పాడుకుంటా ఎనక్కొచ్చినాది. నా పెట్టె దాన్నీ పట్టుకోని తెలుగు సేసి వదిలినాది. శ్రీకూర్మంలో తాబేళ్లు తాళం తప్పకుండా గుడి సుట్టూ మూడు సుట్లు తిరిగినాయట. భోగాపురం మీదకొచ్చిన ఇమానం కథ అయ్యేదాకా దిగనంటే దిగనన్నాది. ఆఖరికి పెట్టె అచ్చం మావలాగే పాడేస్తన్నాది. జనమంతా ఏడుపే."

"ఏడ్సిన మాట నిజమే," అంది లక్ష్మణమ్మ. "నానూ ఏడ్సినాను."

దాలమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఒరే పోతురాజూ, నీ పెట్టె బాగా మోగింది. నా తీగలో అంత సిత్రముందని నాకే తెల్దు. గాని మూడో మాటకే ఆగిపోనాది కదరా. మీటలన్నీ నొక్కినావు, అది పలకలేదు. నాను కథ ఆపేస్తానేమోనని భయపడి, మైకు లాక్కోని నువ్వే వంత అందుకున్నావు. రెండు గంటలు పాడినావు. జనం ఏడ్సింది నీ గొంతుకి."

పోతురాజు తల వంచుకుని ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"శ్రుతి తప్పినాను కదత్తా," అన్నాడు. "అదేటి సెప్పుకుంటాం."

"తప్పినావు. మీ మావా తప్పేవోడు." దాలమ్మ చీర దులుపుకుని లేచింది. "శనివారం నానొస్తాను. పెట్టె కూడా తే, బాగుంటాది. వంత మాత్రం నువ్వే పాడాల."