తడి ఏనుగు

మాలకొండయ్యని ఒకాయనుండేవాడు, మా కంభం పక్కనే. పాతకారొకటి పెట్టుకొని పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ బాడుగకి తిప్పేవాడంట. మనిషి మంచోడే, నోట్లో నాలిక లేనోడు, పెళ్ళాం వెంగమ్మంటే మాత్రం కాస్త వొణుకు. ఆ వెంగమ్మకి ఒకటే పట్టు. ఏందంటే, కారుకి ఏనుగు బొమ్మ టైర్లుంటేనే ఎక్కుద్ది, లేకపోతే నడిచైనా పోద్దిగానీ ఎక్కదు. ఎందుకంత పట్టంటే, ఎప్పుడో మహానందికి పోయొస్తంటే ఏదో బొమ్మాలేని టైరు ఢామ్మని పేలి, కారు పోయి కందిచేలో పడిందంట. ఎవరికీ ఏం కాలా, ఒళ్ళో పెట్టుకున్న ప్రసాదం గిన్నె మటుకు బోర్లాపడింది. దేవుడి ప్రసాదం మట్టిపాలయిందే అని ఆయమ్మ ఆ చేలోనే కూర్చోని ఏడ్చి, ఇంక నంద్యాల దిక్కు పోవాల్సొస్తే ఏనుగు మీదే పోతాను స్వామీ అని మొక్కుకుందనుకో. అప్పట్నించీ ఏనుగే. టైరు మీద రాసిన పేరు మన ఊళ్ళల్లో ఎవరు చదువుతారు, పక్కనున్న బొమ్మే దాని పేరు. ఏనుగు టైరు, కుందేలు టైరు, అంతే.

ఏమైందంటే, ఆ ఏనుగులు కాస్తా తిరిగి తిరిగి గుండ్లయిపోయినయ్యి. రోడ్డుని పట్టుకునే బటనన్న మాటే లేదు, తడిమితే దోసెల పెనంలాగా నున్నగా ఉండయ్యంట. మార్పిద్దాంలే, మార్పిద్దాంలే అనుకుంటుండగానే, ఒకరోజు పొద్దున్నే నంద్యాల నించి అల్లుడు ఫోన్ చేశాడు. వీళ్ళ కూతురు సుభాషిణి అక్కడ ఆసుపత్రిలో ఉంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదులే పాపం ఆ పిల్లకి, అందుకని ఈసారి డాక్టరమ్మ పుట్టింటికి కూడా పంపనియ్యలా, దగ్గరే ఉంచుకుంది. అల్లుడేమో, అత్తా, నొప్పులు మొదలైనయ్యి, అమ్మ రాలేదా అమ్మ రాలేదా అని ఒకటే కలవరిస్తంది, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లా, నువ్వు బయల్దేరత్తా అన్నాడు. బస్సేమో మధ్యాన్నందాకా లేదు. దారేమో నల్లమల కనమ, అంతా మలుపులే, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వెంగమ్మ కొంగు దోపుకొని, ఏమయ్యా, ఈ గుండ్లతో కనమెక్కుతావా, పరిగెత్తి టైర్లు మార్పించకరా, నేనీలోగా మూట కడతా అంది. ఆయన గేటు దాటబోతంటే మళ్ళీ కేకేసి, ఏనుగులేనయ్యోయ్ అని ఇంకోమాట వేసింది.

టైర్ల షాపు కాశిమనే ఆయనది. మాలకొండయ్యని చూస్తానే, అన్నా, ఏనుగు లేదన్నా, కంపెనీ నించే రావట్లా, గిద్దలూరులో లేవు, నంద్యాల్లోనే లేవు అన్నాడంట. మరెట్టా అంటే, కుందేలుందిగా, మొన్న దిగిన సరుకు, నీ బండి సైజే, దాంతో సమానంగా బరువు మోస్తది అన్నాడు. కుందేలు తీసకపోతే మా ఇంట్లో ఆయమ్మ నన్ను కూరొండుద్ది కాశిమూ అన్నాడు ఈయన. కాశిం కాసేపు గడ్డం గోక్కొని, సరే ఉండు, అటక మీద పాతయ్యి ఏనుగులే ఉండాల అని నిచ్చెనేసి దించాడు. దుమ్ము తుడిస్తే నిజమే, ఏనుగే, తొండమెత్తి నిలబడుంది. మాలకొండయ్యకి పానం లేచొచ్చిందంట. కానీ బొటనేలేసి నొక్కి చూస్తే రబ్బరంతా సన్నసన్నగా పగుళ్ళు, ముసలమ్మ మడమల్లాగా. కాశిం కూడా అబద్ధం చెప్పలా, చానాకాలం నించీ ఎండకి ఉడికినయ్యన్నా, నీ ఇష్టం అన్నాడు. మాలకొండయ్య వాళ్ళ నాయన సంతల్లో ఎడ్లు కొనే మనిషి. పేరుగొప్ప ముసలెద్దుని తోలకొస్తే కాడి కింద మెడ పెట్టాల్సింది నువ్వేరా అనేవాడంట. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంక చూడండి మనిషి అవస్థ. ముసలి ఏనుగు వేస్తే వెంగమ్మ ఎక్కుద్ది, బండి నిలబడదు. పడుచు కుందేలు వేస్తే బండి నిలబడుద్ది, వెంగమ్మ ఎక్కదు. అక్కడేమో పిల్ల అమ్మా అమ్మా అంటంది. ఆఖరికి గుండె గట్టి చేసుకొని, నాలుక్కి నాలుగూ కుందేళ్ళే వెయ్యి కాశిమూ, జత కలవకపోతే ఎడ్లయినా బండిని పక్కకి లాగుతయ్యి అన్నాడు.

అన్నాడుగానీ, ఇంటికి ఏ మొహం పెట్టుకొని పోవాల. పక్కనే ఆదెయ్యని లారీల వెనక దిష్టి కళ్ళూ పూలూ రాసే ఆయన కొట్టుంది. మాలకొండయ్య బుర్రలో ఏదో తళుక్కుమంది. నవ్వమాకండి, ఆపదలో మగోడికొచ్చే తెలివి అట్టాగే ఉంటది. ఆదెన్నా, ఈ కుందేళ్ళ మీద తలా ఒక ఏనుగు గియ్యి అన్నాడు. కళ్ళయితే గీస్తాగానీ ఏనుగెప్పుడూ గియ్యలేదయ్యా అంటానే ఆయన తెల్లరంగు ముంచి మొదలెట్టాడు. ఇదేంది ఆదెన్నా, పందిలాగుండాది అన్నాడు ఈయన. తొండం పెట్టాలా వొద్దా, అప్పుడే తొందరేంది నీకు. ఆరేదాకా బండి తియ్యమాక అని ఆదెయ్య చెప్తానే ఉన్నాడు, ఈయన తీస్తానే ఉన్నాడు.

ఇంటికి పోయేసరికి వెంగమ్మ పళ్ళెం పట్టుకొని గడపలో నిలబడుంది. మన ఆనవాయితీ మీకు తెలిసిందేగా, కొత్త టైరేస్తే పసుపు కుంకం పెట్టి నిమ్మకాయలు తొక్కించాల. ఆయమ్మ చుట్టూ తిరిగి ఒక్కో టైరుకీ బొట్టు పెడతంటే మాలకొండయ్య బానెట్టు తుడస్తన్నాడంట, ఊరికే, తుడిచిందే తుడస్తన్నాడు. ఆఖరు టైరు దగ్గర ఆమె వొంగింది వొంగినట్టే కాసేపు ఉండిపోయింది. ఏందే అన్నాడు ఈయన. ఏం లేదు, తొండం ఎడమపక్కకి తిరిగుంది, వినాయకుడి మాదిరి, మంచిదే అంది. అని చెయ్యి కొంగుకి తుడుచుకొని, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. నిమ్మకాయలు పటక్కు పటక్కుమన్నయ్యి, బండి కదిలింది.

కనమ మొదట్లోనే వాన పట్టుకుంది. రోడ్డు మీద ఎర్రనీళ్ళు పారతన్నయ్యి. మాలకొండయ్యకి కూడా ఏనుగంటేనే గురి, అది మరిచిపోమాకండి. కింద కుందేళ్ళని తెలిసినోడు ఆయనొక్కడే, ఆ బరువంతా ఆయన ఛాతీ మీదే ఉంది. వెంగమ్మ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఒక మలుపు తిరిగేసరికి, రోడ్డు నిండా మేకలు. బ్రేకు మీద నిలబడ్డాడనుకో. పాత గుండ్లయితే జారి లోయలోకే, ఆ ముసలి ఏనుగులయితే ఏమయ్యేదో. ఇయ్యి నేలని కరిచి పట్టుకున్నయ్యి. బానెట్టుకి మూతి ఆనించి ఒక పోతు వీళ్ళనే చూస్తంది. మేకలాయన గొంగళి కప్పుకొని వొచ్చి, ఏం పెద్దాయనా, నా పోతుతో పెళ్ళిచూపులా అన్నాడంట. అప్పుడు నోరు తెరిచింది వెంగమ్మ. పోనియ్యయ్యా, మెల్లిగా పోనియ్యి అంది, అంతే.

ఆసుపత్రికి పోతానే ఆమె లోపలికి పరిగెత్తింది. మాలకొండయ్య వరండాలో కూర్చున్నాడు, లేచాడు, కూర్చున్నాడు. కాసేపటికి లోపల్నించి కేరుమని వినపడింది. అల్లుడొచ్చి, మామా, ఆడపిల్ల, ఇద్దరూ బాగుండారు అని ఆయన చెయ్యి పట్టుకొని ఇంక వొదల్లేదంట. పోయినేడు ఆ బిడ్డ దక్కకుండా పోయిన కాడ్నించీ గుండె మీదున్న రాయి దిగినట్టయింది ముసలాయనకి. గాలి పీల్చుకుందామని బయటికొచ్చి బండి దిక్కు చూశాడు గదా, మళ్ళీ పానం పోయింది. వాన కడిగేసింది. ఒక్క ఏనుగు లేదు, నాలుగు పక్కలా కుందేళ్ళు చెవులు నిక్కబొడుచుకొని ఉండయ్యి. గబగబా బురద తీసి వాటికి పూస్తన్నాడు. వెనకనించి, ఏం చేస్తన్నావయ్యా అనొచ్చింది వెంగమ్మ. టైర్లు కడుగుతన్నానే అన్నాడు. బురదతోనా అంది.

ఆమె కొంగు చాపి చూపించింది. పసుపు మరక, పక్కనే తెల్లమరక. బొట్టు పెట్టబోతే నీ ఏనుగు నా వేలికంటుకుందిలే, తడి ఏనుగు అంది. తెలిసి కూడా ఎట్టా ఎక్కావే అన్నాడు. ఎక్కక, నా బిడ్డక్కడ అమ్మా అంటంటే నేనిక్కడ బొమ్మలు చూసుకుంటా కూర్చోవాల్నా. మరి మొక్కో అన్నాడీయన, ఎంతైనా దేవుడంటే భయం గదా. మొక్కుకేమైంది, ఏనుగు మీద వొస్తానన్నా, ఏనుగు మీదే బయల్దేరా, దార్లో ఆయనే వానతో కడిగేస్తే నాదా తప్పు, రా లోపలికి, మనవరాల్ని చూద్దువు, చేతులు కడుక్కో ముందు అంది. మాలకొండయ్య ఆ బురదలోనే చతికిలబడి, నవ్వుతన్నాడో ఏడుస్తన్నాడో ఎవరికీ తెలియలేదంట.

అదీ సంగతి. మా దిక్కు ఇప్పటికీ, మొగుడు మన మంచికే ఏదన్నా చిన్న బొంకు బొంకితే, ఏందయ్యా, తడి ఏనుగా అంటారు ఆడోళ్ళు. ఆ తర్వాత ఏనుగు టైర్లు కూడా వొచ్చినయ్యిలే, కాశిం కబురంపితే, ఈ కుందేళ్ళు అరగనియ్యి చూద్దాం అందంట వెంగమ్మ. ఆ పిల్లకి ఆసుపత్రిలో ఏదో పెద్ద పేరే రాయించారు, అమ్మమ్మ మటుకు కుందేలూ అనే పిలుస్తది. మరి ఆడపిల్లని పట్టుకొని ఏనుగూ అని పిలవమంటారా ఏంది.