మెట్టుంది

లిఫ్టుకి గ్రీజు పెట్టే మనిషి వచ్చాడంటే ఆ అరగంటా లిఫ్టాయన నోటికి మాత్రం ఏ గ్రీజూ అక్కర్లేదు. ఆఫీసు మెట్ల కింద టీ గదిలో బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, గ్లాసు చేతికి రాకముందే కబుర్లు అందుకునేవాడు. ఆయనది ఇత్తడి పిడి పట్టుకుని నడిపే పాత లిఫ్టు. పిడి ఇటు తిప్పితే పైకి, అటు తిప్పితే కిందకి, నిలువుగా పెడితే ఆగుతుంది. గచ్చుకి సమంగా ఆపడంలోనే ఉంది పనితనమంతా. ఒకవేళ జానెడు తేడాగా ఆగితే, తలుపు తీసేముందు "మెట్టుంది" అని కేకెయ్యాలి. లిఫ్టు పెట్టిన నాటి నుంచీ అక్కడి కట్టుబాటు అది.

టీ కాచే పెద్దావిడ ఆయన గొంతు వింటేనే మొహం తిప్పుకునేది. మూడు నెలల కిందట ట్రేలో ఇరవై గ్లాసులతో మూడో అంతస్తులో దిగబోతే లిఫ్టు జానెడు కింద ఆగి ఉంది. ఆయన కేకెయ్యలేదు. గ్లాసులన్నీ పెద్దగుమాస్తా గారి గుమ్మంలో ముక్కలయ్యాయి. ముప్పై ఏళ్ళలో ఒక్క చుక్క ఒలకబొయ్యని మనిషి ఆవిడ. లేచి మోకాలు తుడుచుకునేలోపే లిఫ్టాయన, అక్కయ్యకి చూపు ఆనట్లేదు పాపం, సమంగా ఉన్న గచ్చు మీదే తట్టుకుంది, అని నాలుగంతస్తులకీ చాటేశాడు. ఇక పైకి రావద్దు, కావలసినవాళ్ళే కిందకొచ్చి తాగుతారు, అని పెద్దగుమాస్తా గారు జాలిగా చెప్పారు. ఆ జాలే ఆవిడకి మింగుడుపడలేదు. ఆ రోజు నుంచి లిఫ్టాయనతో మాట మానేసింది. టీ మాత్రం ఇచ్చేది. అదీ చల్లారాక.

ఆ వేళ పెద్దగుమాస్తా గారూ, వాచ్‌మనూ బల్లకి ఆ చివర కూర్చున్నారు. లిఫ్టాయన పోయిన నెల చెల్లెల్ని చూడ్డానికి విమానంలో వెళ్ళొచ్చాడు. ఆ కబురు అప్పటికి నాలుగోసారి, చెప్పినప్పుడల్లా ఓ కొత్త ముక్క చేరేది.

"ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడండీ, దించడంలో ఉంది విద్య. కింద నుంచి విమానాలకి దారి చెప్పేవాళ్ళు పదకొండు వేల అడుగుల దగ్గర ఆగమన్నారు, పైలట్ చెవికి పది వేలని పడింది, పక్కనున్న చిన్న పైలట్ చూసి చెప్పాలా, ఆయనేమో బిస్కెట్ టీలో ముంచుకుని అది విరిగి పడిపోతే వెతుక్కుంటున్నాడు."

"అది నీకెలా తెలిసింది బాబాయ్?" అన్నాడు వాచ్‌మన్.

"అరికాళ్ళు చెప్పాయి. ఇరవై ఆరేళ్ళు లిఫ్టులో నిలబడ్డ కాళ్ళివి, బెత్తెడు తేడా వచ్చినా జివ్వుమంటాయి. చెప్పులు విప్పి కూర్చున్నానా, పదకొండు వేలు దాటామో లేదో, జివ్వుమంది. పరిగెత్తుకెళ్ళి పైలట్ తలుపు బాది, మెట్టుంది బాబూ, మెట్టుంది, అని కేకేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ తర్వాత ఏమైందంటే, సరిగ్గా పది వేల దగ్గర ఇంకో విమానం ఎదురొస్తోందట. ఈయన పిడి లాగి తమ విమానాన్ని మళ్ళీ పైకెత్తితే, అది కింద నుంచి ఎంత దగ్గరగా పోయిందంటే, దాని నెత్తి మీద మేకుల తుప్పు కనపడిందట. కిందవాళ్ళు దారి ఖాళీ లేదు, కాసేపు ఆగమంటే, పావుగంట సేపు విమానాన్ని గాల్లో కదలకుండా నిలబెట్టాడట. అలసిపోయిన కొంగలు వచ్చి రెక్క మీద వాలి, కాసేపు కునుకు తీసి లేచి వెళ్ళాయట. పెద్దగుమాస్తా గారు ఎన్ని కొంగలని అడిగారు. పదిహేడు, ఒకటి కుంటిది, అన్నాడు తడుముకోకుండా.

"పైలట్ ఒకటే ఏడుపు, ఇంత తప్పు ఎలా చేశాను సార్ అని. నేనే భుజం తట్టాను. బాధపడకు బాబూ, కబుర్లాడుతూ పిడి పట్టుకుంటే ఎంతటివాడికైనా తేడా వస్తుంది, అంతెందుకు, ఆమధ్య మూడో అంతస్తులో నాకే జానెడు తేడా వచ్చింది, అన్నాను."

పెద్దావిడ చేతిలో గరిటె ఆగింది. లిఫ్టాయన అది చూసుకోలేదు, ఇంకా పైకి పోతూనే ఉన్నాడు. దించడం ఎంత మెత్తగా దించాడంటే, నేల మీదకొచ్చామని జనానికి తెలియక అరగంట బెల్టులు పెట్టుకుని కూర్చున్నారట. చివరికి విమానాల పెద్దలంతా వచ్చి ఆయన అరికాళ్ళకి సిరా పూసి కాగితం మీద ముద్ర వేయించుకున్నారట. ఇప్పుడు ఏ విమానంలోనైనా ఎత్తు చెప్పే ముల్లు ఉంటుందే, అది తయారయ్యేది ఆ ముద్ర చూసేనట.

"తమ్ముడూ," అంది పెద్దావిడ.

మూడు నెలల తర్వాత మొదటి మాట. లిఫ్టాయన కాలు మీంచి కాలు దించాడు.

"బెత్తెడు తేడా కూడా చెప్తాయా నీ కాళ్ళు?"

"వెంట్రుకవాసి చెప్తాయక్కయ్యా."

"మూడో అంతస్తులో జానెడు తేడా వచ్చిందని ఇప్పుడు నువ్వే అన్నావు. ఆ రోజు చెప్పాయా, చెప్పలేదా? చెప్తే, తెలిసి కూడా కేకెయ్యకుండా నన్ను పడేశావు. చెప్పకపోతే, ఆ విమానంలో నువ్వు చేసిందల్లా కూర్చోవడమే. రెంటిలో ఏదో ఒకటి పెద్దగుమాస్తా గారి ముందు చెప్పు."

లిఫ్టాయన తన కాళ్ళ వంక చూసుకున్నాడు. వాచ్‌మన్ గ్లాసు అడుగుకేసి చూస్తున్నాడు. పదిహేడు కొంగలూ ఎగిరిపోయాయి.

"చెప్పలేదక్కయ్యా," అన్నాడు చివరికి. "ఎవరికో కబుర్లు చెప్తూ పిడి ముందే తిప్పేశాను. తలుపు తీశాకే చూసుకున్నాను. నీ కళ్ళకేం కాలేదు."

పెద్దగుమాస్తా గారు గొంతు సవరించుకుని, రేపటి నుంచి పైకే తీసుకురండమ్మా, అన్నారు.

"రేపటి నుంచి ఎందుకండీ," అంటూ ఆవిడ ట్రే అందుకుంది.

గ్రీజు మనిషి కూడా అప్పుడే వెళ్ళాడు. ఇరవై గ్లాసులతో ఆవిడ లిఫ్టెక్కింది. దారిలో ఆయన పెదవి విప్పలేదు. మూడో అంతస్తు రాగానే పిడి నిలువుగా పెట్టి, తలుపు తీయకుండానే, నాలుగంతస్తులకీ వినపడేలా కేకేశాడు.

"మెట్టుందక్కయ్యా!"

ఆవిడ కిందకి చూసింది. లిఫ్టూ గచ్చూ పలక పరిచినట్టు సమంగా ఉన్నాయి.

"లేదు. నీ కాళ్ళనడుగు," అని, చుక్క తొణక్కుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.