రామచంద్రం చేసిన డబ్బ

ఏంది మహితా, ఆ కుక్క డబ్బల దుప్పటి కుక్కుతున్నవ్? తియ్యి బిడ్డా. దుప్పటి తేమ పీలుస్తది, తెల్లారేసరికి కుక్క ఐస్‌ఫ్రూట్ అయితది. ఎండు వరిగడ్డి పెట్టాలె. ఎవరు చెప్పిన్రంటవా? రామచంద్రం. నువ్వు కిరాయికున్న అర్రలనే ఉండెటోడు, తలుపులు చేసే వడ్రంగి. చిక్కడపల్లిల ఏ తలుపు కొట్టినా ఆయన చేసిందే, ఒక పది లక్షల తలుపులు చేసుంటడు. సరె, లక్ష అనుకో.

మన గల్లిల రాణి అని నల్లకుక్క ఉండె. దానికి టేకుతోని బంగ్లా కట్టిండు. ఎంత పెద్దదంటె, అండ్ల నేనూ మా ఆయనా కాపురం పెట్టొచ్చు. నారాయణగూడ కెల్లి జనం బస్సులల్ల వచ్చి చూసిపోయిన్రు. ఆ డిసెంబర్ల రాణి అండ్లనే ఈనింది. నాలుగు పిల్లలు. నాలుగూ చలికి పోయినయ్. ఆ మనిషి మూడొద్దులు ముద్ద ముట్టలే. "అక్కా, ఇన్నేండ్లు తలుపులు చేసిన, చలి ఎట్లొస్తదో తెల్వకపాయె" అన్నడు, గంతే. మల్లేడు రాణి మళ్ల కడుపుతోని ఉంది. అది ముడుచుకొని పండుకుంటె పక్కన కూసుండి టేపుతోని కొలిచిండు. మా ఆయన ఊకుంటడా, "ఏం రామచంద్రం, జాకెట్ కుట్టిస్తున్నవా" అన్నడు. ఆయన ఇంకోపారి కొలిచిండు. బంగ్లా ఇప్పేసి, ఆ చెక్కతోనే ఇగో, గింత డబ్బ చేసిండు. "ఇల్లు పెద్దగుంటె అంత గాలిని అదెట్ల వెచ్చ చేస్తది అక్కా, చిన్నగుంటె దాని ఒంటి వేడే దానికి పొయ్యి" అన్నడు. కింద ఇటుకలు, గోడల నడుమ థర్మకోలు, లోపల ఎండు వరిగడ్డి. తలుపు ఓ మూలకు, లోపల అడ్డంగ ఇంకో చెక్క, గాలి మలుపు తిరగలేక వాపస్ పోవాలె. పైన అశోక్ నగర్ కోచింగోళ్ల ఫ్లెక్సీ కప్పిండు. పన్నెండు మంది ర్యాంకర్లు రాణికి కావలి.

ఆ ఏడు చలికి దోమలగూడోళ్లు గడ్డకట్టిన హుస్సేన్ సాగర్ మీద నడ్సుకుంట సికింద్రాబాద్ పోయిన్రు. నవ్వకు. రాణి ఐదు పిల్లల్ని పెట్టింది. తెల్లారి గల్లి అంతా డబ్బ ముంగట నిలబడ్డం, లోపలికి చూసే ధైర్యం ఎవ్వరికీ లేదు. రామచంద్రం మోకాళ్ల మీద కూసొని చెయ్యి పెట్టిండు. పెట్టినోడు తియ్యలే. జరసేపటికి, "అక్కా, నువ్వు గూడ పెట్టు" అన్నడు. పెట్టిన. అప్పుడే మూత తీసిన ఇడ్లీ గిన్నె లెక్క వెచ్చగ. ఐదూ మెసులుతున్నయ్. ఎన్ని గుళ్లు తిరిగిన మహితా, గా డబ్బ ముంగట దండం పెట్టినట్టు యాడ పెట్టలే. గీ ముచ్చట్ల ఒక్క ముక్క పెంచి చెప్పలే.

ఆయన పోయి పన్నెండేండ్లాయె. డబ్బ గదే, నీ ముంగటున్నదే. గడ్డి ఏసి కుక్కను పండుకోనియ్యి, పొద్దుగాల నన్ను లేపు, ఇద్దరం చెయ్యి పెట్టి చూద్దాం.

ఆ దుప్పటి ఇటియ్యి. నాకు చలి పెడ్తుంది.