నేను తోమిన అష్రఫీ

"నాయినమ్మా, ఈ బంగారు బిళ్ల మీద బొమ్మే లేదేంది?" అంటున్నవా? ఉండె బిడ్డా, ఉండె. చార్మినారుండె. నేనే కూలగొట్టిన.

నవ్వకు, జర ఇను. ఇది నిజాం నాటి అష్రఫీ. మా అత్తమ్మ పోయే ముందు రెండు తీసి, ఒకటి నాకు, ఒకటి మా యారాలు సత్తెమ్మకు ఇచ్చి "భద్రంగ సూస్కోన్రి" అన్నది. సత్తెమ్మంటే మీ తాత తమ్ముని పెండ్లాం, మేడిపల్లిల ఉంటది సూడు, గామె. నేను పెద్దకోడల్ని గదా, నాకంటె భద్రంగ ఎవరు సూస్తరు? ఏటేటా దీపావళికి లచ్చిందేవి పూజల పెట్టాలె. అందుకని కుంకుడు రసంల... కాదు కాదు, ముందు పీచు వెట్టి బూడిదతోని రుద్దుడు, ఆ తర్వాత కుంకుడు రసం. నాచారంల ఫ్యాక్టరీ పనికి లేటయి సూపర్వైజర్‌తోని తిట్లు తిన్న గని, తోముడు మాత్రం ఆపలే. తళతళ మెరిసేది. సత్తెమ్మేమో గుడ్డపేలికల సుట్టి పసుపు డబ్బా అడుగున పడేసింది. "నీకు బంగారం ఇలువ తెల్వదే" అని పండుగ పండుగకు దెప్పుతుంటి. పాపం, నవ్వి తన పనిల వడేది.

మొన్న దీపావళి ముందట మీ నాయిన, ఇలువ సూపిద్దమని, మా ఇద్దర్ని ఉప్పల్ల పాత నాణేలు జూసే ఒకాయన దగ్గరికి తీస్కవోయిండు. నేను పొద్దుగాల మళ్లొకపారి తోమిన. ఇజ్జత్ ముచ్చట గదా! ఆయన అంచులు వట్టుకొని భూతద్దంల సూసిండు, బొమ్మ మీద ఏలు గూడ పెట్టలే. అప్పుడన్న నాకు సమజ్ గావాలె. కాలే.

"దీన్నెవరమ్మా తోమింది?" అన్నడు.

"నేనే!" అన్న, మెచ్చుకుంటడనుకొని ముందుకు జరిగి.

"మీనార్లు అరిగినయ్, అక్షరాలు వోయినయ్, అంత గీతలే. ఇంక దీన్ని కరిగిచ్చే బంగారం లెక్కనే సూస్తరు" అన్నడు. సత్తెమ్మది విప్పితే మబ్బుగ, ఎర్రగ ఉన్నది. "అమ్మా, ముద్ర గొట్టిన నాడు ఎట్లుండెనో గట్లనే ఉన్నది. మొదటి రకం. ఈ మబ్బు గూడ తుడవకున్రి" అన్నడు.

ఏడుపొచ్చింది బిడ్డా, నిజం జెప్తున్న. అత్తమ్మ ఇచ్చింది నీకియ్యాలని ఇన్నేండ్లు కాపాడుతున్ననుకున్న. కాపాడుడు గాదు, అరగదీసుడు.

ఆటోల సత్తెమ్మ ఇగ దెప్పుతది, ఇగ దెప్పుతదని నేను సూస్తనే ఉన్న. నాచారంల మా ఇల్లు దగ్గరవడ్డంక నా చెయ్యి వట్టుకున్నది. "అక్కా, ఆయన నాదాన్ని డబ్బీల వెట్టి ముట్టుకోవద్దన్నడు. ఇగ దానికి బొట్టెట్ల పెట్టాలె? ఈ దీపావళికి మీ ఇంటికే వస్త. నీదాన్ని పెట్టి ఇద్దరం కల్సి మొక్కుదం" అన్నది.

అగో, గట్ల మొక్కినంక తెచ్చిందే ఇది. పట్టు, ఇగ నీదే. సల్లగుండు బిడ్డా, లచ్చిందేవి నీ ఇంట్లనే కూసోవాలె. తోమకు మాత్రం. ఆగాగు, గా అంచుకు పసుపు అంటుకున్నట్టుంది, ఇటియ్యి జర, కొంగుతోని ఒక్కపారి... ఆఁ, సరే సరే. ముట్టనే.